పండగ నెలలో నెమ్మది ఎక్కడ దొరుకుతుంది?

డిసెంబర్ వచ్చిందంటే ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరే మారిపోతుంది. మిగతా నెలల్లో అత్తాకోడళ్ళ గొడవలు, పిల్లల చదువులు, అప్పులు. ఈ నెలలో మాత్రం "అక్కయ్యా, కాస్త ప్రశాంతంగా కూర్చోవాలని ఉంది, ఎక్కడికి వెళ్ళమంటారు" అని అడుగుతారు. క్రిస్మస్ చేసుకునేవాళ్ళూ అడిగారు, చేసుకోనివాళ్ళూ అడిగారు, అందుకే ఈసారి పేజీ అంతా దానికే ఇచ్చేశాను. పేర్లు వేయొద్దన్నారు కాబట్టి ఊళ్ళు మాత్రమే వేస్తున్నాను.

ప్రశ్న: అక్కయ్యా, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. డిసెంబర్ ఒకటో తారీకు నుంచీ మా ఇంట్లో పరుగే పరుగు. ఇంటికి రంగులు, పిండివంటలు, అందరికీ బట్టలు, ఇవాళ ఇక్కడ సెమీ క్రిస్మస్ రేపు అక్కడ సెమీ క్రిస్మస్, అర్ధరాత్రి క్యారల్స్ రౌండ్స్‌కి వచ్చినవాళ్ళకి టీలు. మా అత్తగారు మంచివారే గానీ ఏదీ తగ్గనివ్వరు. చర్చిలో కూర్చున్నా నా మనసు వంటింట్లోనే ఉంటుంది. ఇరవై అయిదో తారీకు మధ్యాహ్నానికి నాకు ఏడుపొక్కటే తక్కువ. పండగ అయిపోయాక రెండు రోజులు ఎక్కడికైనా కొండల్లోకి పోదామంటే మా ఆయన ఖర్చు అంటారు. ఏం చెయ్యమంటారు? (తెనాలి)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో "పండగ అయిపోయాక" అన్నమాట చదివి నాకు బాధేసింది. ఎవరి కోసం ఇంత చేస్తున్నామో ఆ పండగే మీకు ఒక గండంలా, ఎప్పుడు గట్టెక్కుతామా అన్నట్టు తయారైంది. దాన్ని ముందు మార్చుకోవాలి, కొండల సంగతి తర్వాత చూద్దాం.

మీది ఏ సంఘమో రాయలేదు. లూథరన్ అయినా, సీఎస్ఐ అయినా, కథోలిక అయినా క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాల్నీ ఆగమన కాలం అంటారని మీకు తెలుసు. అది ఎదురుచూసే కాలం. పూర్వం ఆ రోజుల్లో ఉపవాసాలు కూడా ఉండేవాళ్ళు. అసలు సంబరం ఇరవై అయిదు నుంచి మొదలై జనవరి 5 వరకూ, పన్నెండు రోజులు నడవాలి. మనం ఏం చేశామంటే సంబరం మొత్తాన్ని ముందుకి లాగేసి, ఎదురుచూడాల్సిన రోజుల్లోనే కేకులు కోసేసి, ఇరవై ఆరో తారీకు పొద్దున్న స్టార్ విప్పేసి అలిసిపోయి పడుకుంటున్నాం. కాబట్టి మీ అత్తగారితో "తగ్గిద్దాం" అనకండి, "కొన్నిటిని పండగ తర్వాతకి జరుపుదాం" అనండి. అరిసెలు, గులాబీ పూలు పండగకి ముందు, జంతికలు, కజ్జికాయలు పండగ తర్వాత వచ్చే చుట్టాలకి. మీ ఇంట్లో చేసే ప్రార్థన కూడిక ఇరవై ఎనిమిదికో ముప్ఫైకో పెట్టుకుంటే పాస్టరు గారికీ ఊపిరి ఆడుతుంది. పెద్దవాళ్ళు మానేద్దామంటే ఒప్పుకోరు గానీ, తారీకు మారుద్దామంటే చాలాసార్లు ఒప్పుకుంటారు. అర్ధరాత్రి టీలు మాత్రం మీ ఆయనకి అప్పజెప్పండి. ఫ్లాస్కులో పోసి పెట్టడం మీ పని, లేచి గ్లాసుల్లో పొయ్యడం ఆయన పని. ఇందులో బతిమాలడం ఏమీ లేదు, చెప్పెయ్యండి అంతే.

ఇక కొండలు. తెనాలిలో ఉన్నవాళ్ళకి డిసెంబర్లో కొండలెందుకమ్మా? ఊరు దాటి ఏ కాలవ గట్టు మీదకి వెళ్ళినా ఈ నెలలో కోతలు, కుప్పలు. పొద్దున్న ఆరున్నరకి వెళ్ళి కోసిన చేలో ఒక్కసారి వంగి చూడండి. వరి దుబ్బుల మధ్య చిన్న చిన్న మినుము మొలకలు కనిపిస్తాయి. వరి కొయ్యకముందే, చేను ఇంకా నిలబడి ఉండగానే, తడి మీద మినుములు చల్లేస్తారు మన డెల్టా రైతులు. కోత కూలీల కాళ్ళ కింద, కోసిన పనల కింద అవి మొలకెత్తి పైకి వస్తాయి. దుక్కి లేదు, వేరే నీళ్ళు లేవు, నేలలో మిగిలిన తడీ, రాత్రి కురిసిన మంచూ చాలు వాటికి. రెండు ఆకులు విప్పుకుని, ఆకుకి ఒక్కో మంచు బొట్టు పెట్టుకుని నిలబడి ఉంటాయి. ఒక పావుగంట వాటిని చూస్తూ నిలబడితే ఆ పావుగంటా వంటిల్లు గుర్తుకు రాదు.

ఇంకాస్త దూరం వెళ్ళగలిగితే గుంటూరు పక్కనే, పెదకాకాని మండలంలో ఉప్పలపాడు ఉంది. ఊరి చెరువులోని తుమ్మ చెట్ల మీద గూడబాతులు, అదే పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టుకుంటాయి. ఊరివాళ్ళే వాటిని కాపాడుకుంటూ వస్తున్నారు. ఆ ఎర్రకాళ్ళ కొంగల్లో పెద్దవి దాదాపు అరవవు, తెలుసా? గొంతుకి బదులు ముక్కు. పై ముక్కూ కింది ముక్కూ టకటకా కొట్టుకుని పలకరించుకుంటాయి. గోలంతా పిల్లలది. తల్లి గాల్లోంచి దిగుతుంటే గూట్లో పిల్లలు నోళ్ళు తెరిచి ఒకటే కేకలు, తల్లి మాత్రం నోరెత్తకుండా తెచ్చిన చేపలు గూట్లో కక్కి, రెక్కలు సర్దుకుని, ఒంటికాలి మీద నిలబడుతుంది. టీచరుగా మీకు అది బాగా నచ్చుతుందని నా నమ్మకం. ఇరవై నాలుగుకి ముందే, స్కూలు సెలవు దొరికిన మొదటి రోజు పొద్దున్నే పిల్లల్ని తీసుకుని వెళ్ళి రండి. పదింటికల్లా ఇంట్లో ఉంటారు, పిండి ఎక్కడికీ పోదు.

యేసు ప్రభువు కూడా ఇలాగే చేసేవాడని మార్కు సువార్త మొదటి అధ్యాయంలోనే ఉంది. ముందు రోజు సాయంత్రం ఊరంతా తలుపు దగ్గర గుమిగూడింది, మర్నాడు ఇంకా చీకటి ఉండగానే ఆయన లేచి మనుషులు లేని చోటికి వెళ్ళి ప్రార్థన చేసుకున్నాడు. పని తక్కువై వెళ్ళలేదు, వెతుక్కుంటూ వచ్చిన శిష్యులు "అందరూ నిన్ను వెతుకుతున్నారు" అనే చెప్పారు. మీ అత్తగారు అడిగితే ఆ అధ్యాయం చదివి వినిపించండి.

ప్రశ్న: అక్కా, ఐటీలో పని చేస్తున్నాను. ఇరవై నాలుగు నుంచి కొత్త సంవత్సరం దాకా సెలవులు. పోయిన ఏడాది స్నేహితులతో లంబసింగి వెళ్ళాం. తెల్లవారుజామున నాలుగింటికే వ్యూ పాయింట్ దారిలో ట్రాఫిక్ జామ్, కార్లలో పాటలు, ప్లాస్టిక్ కప్పులు. మబ్బుల కన్నా సెల్‌ఫోన్లే ఎక్కువ కనిపించాయి. ఈసారి ఎవరికీ తెలియని, గుంపు లేని చోటు ఏదైనా చెప్పండి. (హైదరాబాద్)

జవాబు: తమ్ముడూ, ఎవరికీ తెలియని చోటు నాకు తెలిసినా ఈ పేజీలో రాయను. రాసిన మర్నాటి నుంచి అది అందరికీ తెలిసిన చోటు అయిపోతుంది. పాపం, అక్కడుండే గిరిజనులు మన ప్లాస్టిక్ ఏరుకుంటూ కూర్చోవాలి. అరకు దారిలో వలిసె పూలు చూశావా, పసుపుపచ్చగా కొండంతా పరిచినట్టు ఉంటాయి, అందులోకి దిగి తొక్కి ఫోటోలు దిగుతున్నారు. వలిసెలు నూనెగింజల పంట, ఒక కుటుంబం ఏడాది కష్టం. గట్టు మీద నిలబడి చూడడానికి ఏమైంది?

లంబసింగి తప్పు ఏమీ లేదు. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తు, చలికాలంలో కొన్ని రాత్రులు సున్నా దగ్గరికి దిగే చలి, కింద లోయలో మబ్బు. అంత మంచి చోటికి నువ్వు వెళ్ళింది అందరికీ సెలవులు ఉన్న వారంలో. సంక్రాంతి వెళ్ళాక, జనవరి చివర్లో ఒక మంగళవారమో బుధవారమో లీవు పెట్టి వెళ్ళు. చలి అప్పటికీ బాగానే ఉంటుంది, దారి మాత్రం నీదే. చోటు కన్నా వేళ ముఖ్యం అని నేను ఎప్పటి నుంచో నమ్ముతున్నాను, ఈసారి ఉత్తరాలన్నిటికీ దాదాపు అదే చెప్తున్నాను కూడా.

ఈ డిసెంబర్‌కే కావాలంటే మెదక్ వెళ్ళు, హైదరాబాద్‌కి వంద కిలోమీటర్ల లోపే. మెదక్ చర్చి అనగానే ఇరవై అయిదో తారీకు జనసముద్రం గుర్తొస్తుంది, ఆ రోజు వద్దు. అంతకు వారం ముందు, మామూలు రోజున, మధ్యాహ్నం వేళ వెళ్ళు. చార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ 1914లో మొదలుపెట్టి పదేళ్ళు కట్టించాడు, 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ జరిగింది. కరువు రోజుల్లో చుట్టుపక్కల పల్లెల జనానికి ఆ పనే కూడు పెట్టింది. గోపురం 175 అడుగులు. ఇవన్నీ బోర్డు మీద కూడా ఉంటాయి, నేను చెప్పదలుచుకున్నది లోపలి రంగుటద్దాల కిటికీల గురించి. మూడు ఉన్నాయి, ప్రభువు పుట్టుక, సిలువ, ఆరోహణం. వాటిని చూడాలంటే బయట ఎండ ఉండాలి. వెనక నుంచి వెలుతురు పడితేనే ఆ బొమ్మల్లో రంగులు పలుకుతాయి, పొద్దు గూకాక లోపల ఎన్ని బల్బులు వేసినా అవి నల్లటి అద్దాలే. అంత రద్దీలో పండగ రాత్రి వెళ్ళినవాళ్ళకి అవి కనపడవు. నువ్వు బెంచీ మీద కూర్చుని ఎండ జరిగేకొద్దీ అద్దంలో నీలం ఎలా మారుతుందో చూడు. అక్కడి నుంచి దగ్గర్లోనే పోచారం ఉంది, ఒకప్పుడు నిజాం వేట అడవి, ఇప్పుడు అభయారణ్యం. చెరువు ఒడ్డున సాయంత్రం ఒక గంట.

అంత దూరం కుదరకపోతే అమీన్‌పూర్ చెరువుకి వెళ్ళు. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, నగరంలోని చెరువుకి అలాంటి గుర్తింపు రావడం దేశంలో అదే మొదలు. చలికాలం కొంగలూ బాతులూ దిగుతాయి. వెళ్ళినప్పుడు ఒక్కటే పాటించు, వెళ్ళగానే ఫోటోలు మొదలుపెట్టకుండా ఒక చోట కదలకుండా కూర్చో. మనం వెళ్ళిన అలికిడికి పిట్టలు ముందు సర్దుకుంటాయి, పది పదిహేను నిమిషాలు పోయాక మనల్ని మర్చిపోయి మళ్ళీ తమ పనిలో పడతాయి. ఆ పదిహేను నిమిషాలూ విసుగ్గా ఉంటుంది, చెయ్యి జేబులోకి పోతుంది. ఓర్చుకో. స్నేహితుల్లో ఒక్కడినే తీసుకెళ్ళు, అయిదుగురు వెళ్తే అది పిక్నిక్ అవుతుంది. పిక్నిక్ కూడా మంచిదే, కానీ నువ్వు అడిగింది అది కాదుగా.

ప్రశ్న: మేము హిందువులం. మా వీధి చివర పాత చర్చి ఉంది, పెద్ద చింతచెట్టు, ఎప్పుడూ నిశ్శబ్దంగా ఉంటుంది. పండగ రోజుల్లో లోపలికి వెళ్ళి కాసేపు కూర్చోవాలని ఉంది. ఏమన్నా అనుకుంటారా? (కరీంనగర్)

జవాబు: ఏమీ అనుకోరు తల్లీ, నిక్షేపంగా వెళ్ళండి. గేటు దగ్గర వాచ్‌మన్‌కో పాస్టరు గారికో ఒక మాట చెప్తే చాలు. చెప్పులు విప్పాలా లేదా అన్నది ఒక్కో చర్చిలో ఒక్కోలా ఉంటుంది, ముందున్నవాళ్ళని చూసి అలా చెయ్యండి. ఆరాధన జరుగుతుంటే వెనక వరసలో కూర్చోండి. రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే సంస్కారం మాత్రం బాప్తిస్మం పొందినవాళ్ళకే, అప్పుడు లేవకుండా కూర్చుంటే ఎవరూ వింతగా చూడరు. మీకు ఎలాగూ పదహారు నుంచి ధనుర్మాసం, తెల్లారకట్లే లేస్తారు కదా, ముగ్గు పెట్టేసి ఆ చింతచెట్టు కింద ఒక నడక నడిచి రండి. పగలు కన్నా అప్పుడే ఇంకా బాగుంటుంది.

ప్రశ్న: అక్కయ్యగారూ, మా వారు పోయి ఎనిమిది నెలలు. రైల్వేలో పనిచేసేవారు. ఇది ఆయన లేని మొదటి క్రిస్మస్. స్టార్ కట్టాలా వద్దా అని పిల్లలు అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియడం లేదు. పాటలు వినపడితే తలుపులు వేసుకుంటున్నాను. సాయంత్రాలు గోదావరి గట్టుకి పోతే హారతి జనం, మైకులు, అక్కడా ఉండలేకపోతున్నాను. నాకు మాట్లాడాలనీ లేదు, ఒంటరిగా ఉండాలనీ లేదు. (రాజమండ్రి)

జవాబు: అమ్మా, మీ చివరి వాక్యం చాలాసేపు నా ముందే ఉంచుకున్నాను. మాట్లాడాలనీ ఉండదు, ఒంటరిగా ఉండాలనీ ఉండదు. దుఃఖంలో ఉన్నవాళ్ళకి సరిగ్గా అలాగే ఉంటుంది, మీలో లోపం ఏమీ లేదు. అలాంటప్పుడు కావాల్సింది పక్కన ఉండి మాట్లాడని మనిషి. మీకు ఒక చెల్లెలో, తోటికోడలో, పాత స్నేహితురాలో ఉండే ఉంటుంది. ఆవిడతో "నాతో రా, ఏమీ అడగొద్దు, ఊరికే కూర్చుందాం" అని ముందే చెప్పండి. చాలామందికి ఏం మాట్లాడాలో తెలియక రావడానికి భయం, మాట్లాడక్కర్లేదని తెలిస్తే సంతోషంగా వస్తారు.

గోదావరికి సాయంత్రం మానేసి పొద్దున్న వెళ్ళండి. డిసెంబర్ నాటికి వరదనీరు పోయి నది తేటపడుతుంది, వర్షాకాలంలో చూసిన ఎర్రనీళ్ళు ఇవేనా అనిపిస్తుంది. తెల్లారేసరికి నీళ్ళ మీద మంచు పరుచుకుని అవతలి కొవ్వూరు ఒడ్డు కనపడదు. పడవవాళ్ళు కూడా ఆ వేళ గట్టిగా మాట్లాడుకోరు. మీ వారు రైల్వే మనిషి కాబట్టి వంతెన మీద బండి వెళ్ళే చప్పుడు మీకు నొప్పి కలిగిస్తుందేమో. కలిగిస్తే అటువైపు వెళ్ళకండి. కానీ కొన్నాళ్ళకి ఆ చప్పుడే ఆయన్ని తలుచుకునే దారి కావచ్చు. పాత హేవలాక్ వంతెన మీద 1997లో బళ్ళు ఆగిపోయాయి, ఆయన సర్వీసులో ఉండగా చూసే ఉంటారు, దాని గురించి మీకు ఏదో ఒకటి చెప్పే ఉంటారు. అది గుర్తుకొస్తే రానివ్వండి, ఏడుపొస్తే ఏడవండి. నది గట్టున ఏడ్చేవాళ్ళని మన ఊళ్ళల్లో ఎవరూ ఆపరు.

స్టార్ సంగతి. మొదటి ఏడాది పండగ చెయ్యకూడదని కొందరు పెద్దలు అంటారు, అది ఆచారమే తప్ప బైబిల్లో ఎక్కడా లేదు. కట్టాలని పిల్లలకి ఉంటే కట్టనివ్వండి, ఏ రోజు కట్టాలో మీరు చెప్పండి. ఇరవై నాలుగు సాయంత్రం కట్టినా చాలు. కొత్తబట్టలు, పిండివంటలు మీ ఇష్టం, ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. ఇరవై అయిదు పొద్దున్న పెద్ద ఆరాధనలో కూర్చోలేననిపిస్తే ముందురోజే పాస్టరు గారికి చెప్పి, మామూలు ప్రార్థనకి వచ్చే నలుగురైదుగురిలో కూర్చోండి. నవంబరు 2న సమాధుల తోటకి వెళ్ళి శుభ్రం చేసి కొవ్వొత్తులు పెట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది కదా, క్రిస్మస్ రోజు మధ్యాహ్నం అందరూ భోజనాల హడావిడిలో ఉన్నప్పుడు పిల్లలతో కలిసి అక్కడికి వెళ్ళండి. ఆ వేళ తోటలో మీరే ఉంటారు. బంతిపూలు తీసుకెళ్ళండి, ఇంట్లో వండింది కొంచెం తీసుకెళ్ళి అక్కడే కూర్చుని పిల్లలతో తినండి. పిల్లలు నాన్న గురించి మాట్లాడతారు. ఇంట్లో మీ మొహం చూసి మాట్లాడటానికి భయపడుతున్న మాటలు అక్కడ బయటికి వస్తాయి.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. వారాల తరబడి నిద్ర లేకపోతే, అన్నం సహించకపోతే, బతకడం ఎందుకనిపిస్తే నది గట్టు దానికి మందు కాదు. 14416కి ఫోన్ చెయ్యండి, టెలీ మానస్ అనే ప్రభుత్వ సేవ, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. మీ పిల్లలకి కూడా ఆ నంబరు చెప్పి ఉంచండి.

ప్రశ్న: పిల్లలిద్దరూ సెలవులంతా ఫోన్లోనే. ప్రకృతి అంటే నవ్వుతారు. మాకు బయటికి తీసుకెళ్ళే స్తోమత లేదు. (కర్నూలు)

జవాబు: డాబా ఉందా? చాలు. రాత్రి ఎనిమిదింటికి లైట్లు ఆర్పి చాప వేసి పడుకోబెట్టండి. తూర్పున వరసగా మూడు చుక్కలు, అది గొల్లకావడి. దానికి పైన చిన్న గుంపుగా ముద్దగా ఉన్నవి పిల్లలకోడి. మీ అమ్మగారికి తెలిసే ఉంటాయి ఈ పేర్లు, ఆవిణ్ణే చెప్పమనండి. డిసెంబర్ 13, 14 రాత్రుల్లో జెమినిడ్స్ అనే ఉల్కలు రాలతాయి, ఏటా వస్తాయి, వెన్నెల లేని ఏడు ఇంకా బాగా కనపడతాయి. ఎవరు ఎక్కువ లెక్కపెడతారో పందెం వెయ్యండి. చీకటికి కళ్ళు అలవాటు పడటానికి ఇరవై నిమిషాలు పడుతుంది, మధ్యలో ఒక్కసారి ఫోన్ వెలిగిస్తే మళ్ళీ మొదటికే. ఈ మాట మీరు చెప్పకండి, వాళ్ళే కనిపెట్టి ఒకళ్ళనొకళ్ళు తిట్టుకుంటారు.

ప్రశ్న: అక్కా, నేను ఇంగ్లండులో ఎమ్మెస్సీ చదువుతున్నాను. అందరూ ప్రశాంతత కావాలంటారు, నాకు ఇక్కడ ఉన్నదంతా అదే, అదే నన్ను చంపుతోంది. క్రిస్మస్ రోజు రైలు లేదు, షాపు లేదు, వీధిలో మనిషి లేడు. రూమ్మేట్లు వెళ్ళిపోతారు. మా ఊళ్ళో ఈ పాటికి చర్చి మైకు వినపడుతుండేది. (లీస్టర్)

జవాబు: నాయనా, నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. మనిషి లేకపోవడం వేరు, నెమ్మది వేరు. అక్కడ ఆ రోజు రైళ్ళు నడవవు, పెద్ద షాపులు మూసి ఉంచాలని 2004లో చట్టమే చేశారు, కాబట్టి ఇరవై మూడునాటికే బియ్యం, పప్పు, కోడి, ఉల్లిపాయలు తెచ్చి పెట్టుకో. అంతకంటే ముందు, డిపార్ట్‌మెంటులో ఉండిపోతున్నవాళ్ళు ఇంకెవరెవరో కనుక్కో. నైజీరియా వాళ్ళో, కేరళ వాళ్ళో తప్పకుండా ఉంటారు, వాళ్ళూ నీలాగే గదుల్లో కూర్చుని ఉంటారు. నువ్వే పిలువు. కోడికూర, పలావు వండితే ఏ దేశం వాడైనా వస్తాడు. ఇరవై నాలుగు రాత్రి దగ్గరున్న చర్చిలో అర్ధరాత్రి ఆరాధన ఉంటుంది, నడిచి వెళ్ళగలిగిన దాన్ని ముందే చూసి పెట్టుకో.

ఇక వెలుతురు. లీస్టర్లో ఆ రోజుల్లో ఎనిమిది దాటాక తెల్లారి నాలుగు లోపే పొద్దు గూకుతుంది. రాత్రంతా మేలుకుని ఇంటికి వీడియో కాల్ చేసి మధ్యాహ్నం రెండింటికి లేస్తే నీకు రోజు మొత్తానికీ దక్కేది రెండు గంటల వెలుతురే. దిగులులో చాలా భాగం అక్కడి నుంచే వస్తుంది. పదకొండింటికి కోటు వేసుకుని సోర్ నది వెంట ఉన్న కాలిదారిలో నడువు. ఆకులన్నీ రాలిపోయి, వేరే పిట్టలు నోరు మూసుకున్న ఆ చలిలో ఒక చిన్న పిట్ట పాడుతుంటుంది, ఎర్రటి ఛాతీ, అక్కడి క్రిస్మస్ కార్డుల మీద ఉంటుంది చూడు, రాబిన్. చలికాలమంతా పాడే కొద్ది పిట్టల్లో అదొకటి. ఆ కాలంలో మగదీ ఆడదీ దేని జాగా దానిది, రెండూ విడివిడిగా తమ కంచె మీద కూర్చుని పాడతాయి. దాని పాట రికార్డు చేసి అమ్మకి పంపు. మన టైము అయిదున్నర గంటలు ముందు కాబట్టి నువ్వు నడక నుంచి వచ్చేసరికి ఇక్కడ సాయంత్రం, అమ్మ టీ తాగుతూ ఉంటుంది, అప్పుడు తీరిగ్గా మాట్లాడు. ఫోన్ పట్టుకుని చర్చి దగ్గరికి వెళ్ళి ఆ మైకు కూడా వినిపించమను.

ప్రశ్న: మా చర్చి యూత్‌కి నేనే లీడర్ని. పదిహేను రోజులు క్యారల్స్ రౌండ్స్, ఇరవై నాలుగు రాత్రి డీజే పెట్టాలని కుర్రాళ్ళ పట్టు. చర్చి వెనకింట్లో గుండె ఆపరేషన్ అయిన పెద్దాయన ఉన్నారు, వాళ్ళబ్బాయి వచ్చి గొడవపడ్డాడు. వాళ్ళు మా మతం వాళ్ళు కాదు. తగ్గితే పండగ తగ్గించుకున్నామని మావాళ్ళకి కోపం, తగ్గకపోతే వాళ్ళకి కోపం. (కాకినాడ దగ్గర పల్లె)

జవాబు: బాబూ, ముందు చట్టం. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం మైకుకి రాతపూర్వకంగా అనుమతి ఉండాలి. రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా వాడకూడదు. పండగలకి ఏడాదిలో పదిహేను రోజులకి మించకుండా అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలింపు ఇవ్వొచ్చు, అది ఉందో లేదో స్టేషన్లో అడిగి కాగితం తెచ్చుకో. ఇళ్ళ మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి. డీజే బాక్సులు దాని దరిదాపుల్లో ఉండవు. గుడికైనా మసీదుకైనా చర్చికైనా రూలు ఒకటే, కాబట్టి మనకి మాత్రమే చెప్తున్నారని ఉడుక్కోవాల్సిన పని లేదు.

చట్టం లేకపోయినా నా జవాబు ఇదే. ప్రభువు పుట్టిన వార్త మొదట విన్నది రాత్రివేళ పొలంలో మందని కాచుకుంటున్న కాపరులు, ఆ కథ చెప్పడానికి పక్కింటి రోగి గుండె అదరగొడితే మనం ఏ వార్త మోసుకెళ్తున్నట్టు? మీ తాతల కాలంలో పెట్రోమాక్స్ లైటు ఒకటి, డోలక్, తాళాలు, వీలైతే మెడకి కట్టుకునే హార్మోనియం, ఇంతే. మంచులో ఆ పాట దూరం నుంచి దగ్గరికి వస్తుంటే పిల్లలు నిద్రలేచి వాకిట్లోకి వచ్చేవాళ్ళు. మీ సంఘంలో డోలక్ వాయించే పెద్దలు ఇంకా ఉండే ఉంటారు, వాళ్ళని బయటికి తీసుకురా. ఈ ఏడాది రెండు రాత్రులు అలా చేసి చూడమను కుర్రాళ్ళని. బాక్సు లేకపోతే పాట నేర్చుకోక తప్పదు, నాలుగు గొంతులు కలవాలి, అక్కడే వాళ్ళకి సరదా పుడుతుంది. రౌండ్స్ రాత్రి ఏడింటికి మొదలుపెట్టి పదిలోపు ముగించండి, పిల్లలూ ముసలివాళ్ళూ కూడా మేలుకుని ఉంటారు. ఇరవై నాలుగు రాత్రి ఆరాధన లోపలే, తలుపులు వేసుకుని, స్పీకర్లు లోపలి వైపు తిప్పి పెట్టుకోండి. గోడ మీదున్న మైకు హారన్ కనెక్షన్ తీసేయించు.

ఇవన్నీ కమిటీలో తేలేదాకా ఆగకుండా రేపే ఆ పెద్దాయన ఇంటికి వెళ్ళు, ఒక్కడివే వెళ్ళకు, గట్టిగా పట్టుబట్టిన కుర్రాళ్ళలో ఒకణ్ణి వెంట తీసుకెళ్ళు. ఆయన ఎన్నింటికి పడుకుంటారో, మందులు ఎప్పుడు వేసుకుంటారో అడిగి రాసుకో. పాట వినాలని ఉందా అని కూడా అడుగు. ఉందంటే సాయంత్రం ఆరింటికి ఆయన వాకిట్లో మైకు లేకుండా ఒక పాట పాడి రండి.